నకిరేకల్‌లో షాక్ కొట్టిన కంప్యూటర్లు

1999 వానాకాలం. నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర ఒక మేడ మీది గదిలో నేను కంప్యూటర్లు బాగుచేసే పని పెట్టుకుని రెండో ఏడు నడుస్తోంది. అప్పట్లో కంప్యూటరంటే జనానికి ఒకరకమైన భక్తి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పేవారు. ఆ గదిలోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడిచేవారు. చిన్న ఊళ్లలోని శిక్షణ కేంద్రాల్లో పిల్లలంతా ఉత్తికాళ్లతోనే మెషిన్ల ముందు కూర్చునేవారు.

నకిరేకల్‌లో జరీనా బేగం గారి కేంద్రం కూడా అలాంటిదే. ఆమె చాలా ఏళ్లు టైపు నేర్పింది. టైపుకు కాలం చెల్లుతోందని గ్రహించి మిషన్లు అమ్మేసి, పాత కంప్యూటర్లు ఆరు కొని, అదే గదిలో మళ్లీ పాఠాలు మొదలుపెట్టింది. నేర్పేది ఆడమనిషి కాబట్టి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ ఆడపిల్లల్ని ధైర్యంగా పంపేవారు. ఆమె నన్ను తమ్మీ అనేది. నేను అక్కా అనేవాణ్ణి.

ఒకరోజు ఆమె దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"తమ్మీ, కంప్యూటర్లు షాక్ కొడుతున్నయి. పిల్లలు దగ్గరికి పోవాల్నంటే భయపడుతున్నరు. జర వచ్చిపో."

"అన్నీ కొడుతున్నయా అక్కా?"

"లే. ఎండకాలం నాలుగిట్ల కొత్త డబ్బాలు ఏసినం గద, గవే కొడుతున్నయి. పాతయి రెండు మంచిగనే ఉన్నయి."

ఆ మాట నాకు నచ్చలేదు. కంప్యూటరు పెట్టెను ముట్టుకుంటే కొంచెం జుమ్మనడం ఆ రోజుల్లో మామూలే. ఇళ్లల్లో ఎర్తింగ్ ఉండేది కాదు. ఎర్తింగ్ అంటే, లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే దాన్ని మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పంపే తీగ. మూడు రంధ్రాల ప్లగ్గులో పైనున్న పెద్ద రంధ్రం దానికోసమే. చాలాచోట్ల ఆ రంధ్రం వెనక తీగే ఉండదు. ఆమె గదిలోనూ లేదు. కానీ ఎర్తింగ్ లేకపోవడమే కారణమైతే ఆరూ జుమ్మనాలి. నాలుగే ఎందుకు కొడుతున్నాయి?

ఆమె డబ్బా అంటున్నది ఎస్సెంపీఎస్‌ను. గోడలోంచి వచ్చే కరెంటును కంప్యూటరు తట్టుకునేంతకు తగ్గించి ఇచ్చే ఇనుప డబ్బా అది. వేసవిలో గాలిదుమారానికి వోల్టేజీ ఎగదన్ని నాలుగు డబ్బాలు కాలిపోయాయి. అప్పుడే నల్లగొండలో కొత్తగా ఇంటర్నెట్ వచ్చింది. జరీనక్క వాళ్ల బంధువుల కుర్రవాడెవరో ముంబై దుకాణం ఒకటి ఇంటర్నెట్‌లో సామాన్లు అమ్ముతోందని చెప్పాడట. తెరమీద బొమ్మ చూసి, ఈమెయిల్‌లో ఆర్డరిచ్చి, డీడీ పంపితే పార్సిల్ ఇంటికొచ్చింది. డబ్బా మీద పేరున్న కంపెనీ లేబులు, కింద భద్రతా ముద్రలు. పెట్టగానే కంప్యూటర్లు నడిచాయి. ఎవరికి అనుమానం వస్తుంది?

"నేను రేపు పొద్దున వస్త. అప్పటిదాకా ఆ నాలుగూ బంద్ పెట్టు అక్కా" అన్నాను.

మర్నాడు స్కూటర్ మీద బయల్దేరాను. తెల్లవారినప్పటి నుంచీ ముసురు. నేను చేరేసరికి గదిలో పాఠం జరుగుతోంది. నాలుగు మెషిన్లూ నడుస్తూనే ఉన్నాయి. పిల్లలకు పరీక్ష దగ్గర పడిందట. పెట్టెను ముట్టుకోవద్దు, కీబోర్డు మీదే చేతులు పెట్టండి అని చెప్పి కూర్చోబెట్టింది. కిటికీలోంచి జల్లు కొట్టి నేల తడిగా ఉంది.

నేను గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పుతున్నాను. కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి చేతిలోంచి ఫ్లాపీ జారి బల్ల వెనక పడింది. ఆ పిల్ల లేచి, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, ముందుకు వంగింది. రెండో చెయ్యి కంప్యూటరు పెట్టె మీద ఆనింది.

అరుపు రాలేదు. ఆ తర్వాత ఎన్నాళ్లో నన్ను వెంటాడింది అదే. మనిషి అలాగే వంగి బిగుసుకుపోయింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరుచుకుని ఉంది, శబ్దం లేదు. పక్కనున్న పిల్లలు ఆమె ఫ్లాపీ వెతుకుతోందనే అనుకున్నారు.

ముందు జరీనక్కకు అర్థమైంది. "స్వప్నా!" అని చేతులు చాపుకుంటూ పరుగెత్తింది.

"అక్కా, ముట్టకు!" అని నేను గొంతు చించుకుని అరిచాను.

స్విచ్‌బోర్డు ఆ పిల్ల వెనక ఉంది. అక్కడిదాకా వెళ్లే దారి లేదు. చేతికందిన చెక్క స్టూలు ఎత్తి, దాని కాళ్లతో ఆ పిల్ల భుజాన్ని బలంగా నెట్టాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి ఒళ్లంతా బరువుపెట్టి తోశాను. ఊచ మీద చెయ్యి ఊడి పక్కకు పడిపోయింది. అప్పుడు గదంతా ఏడుపులు.

స్వప్న కళ్లు తెరిచే ఉంది గానీ ఎవరినీ చూడటం లేదు. ఊపిరి ఆడుతోందా లేదా అని ముక్కు దగ్గర వేలు పెడితే ఏమీ తెలియడం లేదు. జరీనక్క ఆ పిల్ల ఛాతీ మీద చెవి పెట్టి, "కొట్టుకుంటాంది తమ్మీ, కొట్టుకుంటాంది" అంది. ఆటోలో వేసుకుని దవాఖానకు తీసుకెళ్లాం. అరచేయి కాలి తెల్లగా పాలిపోయింది. డాక్టరు చూసి, గుండె బాగానే ఉంది, సాయంత్రం దాకా ఇక్కడే ఉంచండి అన్నాడు. కబురందుకుని స్వప్న నాయిన మార్కెట్ యార్డు నుంచి పరుగున వచ్చాడు. హమాలీ పని చేస్తాడు. భుజం మీద బస్తా దుమ్ము అలాగే ఉంది. బిడ్డ మంచం పక్కన కింద కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు.

నేను కేంద్రానికి తిరిగి వెళ్లి, మెయిన్ ఆపేసి, ఆ డబ్బా మరలు విప్పాను.

లేబులు గోటితో గీరితే లేచివచ్చింది. కింద వేరే లేబులు చింపిన జిగురు మరకలు ఉన్నాయి. ఫ్యూజు ఉండాల్సిన చోట మామూలు తీగ అతికించారు. బరువు తక్కువని కొనేవాడికి తెలియకుండా ఒక మూల సిమెంటు ముద్ద పెట్టారు. అవన్నీ మోసాలు. కానీ నన్ను భయపెట్టింది ఇంకొకటి. కరెంటు లోపలికి వచ్చే చోట, తీగకూ ఇనుప పెట్టెకూ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. బిళ్లంత ఉంటాయి. ఇవి చెడిపోయినా కరెంటును పెట్టెలోకి వదలకుండా ప్రత్యేకంగా తయారుచేస్తారు. ఈ డబ్బాలో రేడియోల్లో వాడే చవక రకం వేశారు. వాన తేమకు అది కాలి, లోపలికి వచ్చే కరెంటు సూటిగా పెట్టె మీదికే పారుతోంది. ఆ స్థితిలోనూ కంప్యూటరు చక్కగా నడుస్తోంది. మిగతా మూడు డబ్బాలూ విప్పాను. అన్నిట్లోనూ అదే సరుకు.

డబ్బా పట్టుకుని దవాఖానకు పోయి జరీనక్కకు చూపించాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తమ్మీ, తిరుమలగిరి బడికి గూడ గివే పోయినయి."

"ఏ బడికి?"

"యాదగిరి సార్ లేడా, కంప్యూటర్లు చెప్తడు. నాకు చవకగ దొరికినయంటే, మాగ్గూడ రెండు తెప్పియ్యమన్నడు. నా పార్సిల్లనే తెప్పిచ్చి ఇచ్చిన. అక్కడ చిన్న పోరగాండ్లు తమ్మీ. మూడు, నాలుగో తరగతోల్లు."

ఎస్టీడీ బూతుకు పరుగెత్తాం. బడికి ఫోను కలవలేదు. మళ్లీ చేశాం. అవతల గంట కూడా మోగడం లేదు. గాలివానకు లైన్లు పోయాయని బూతాయన అన్నాడు. జరీనక్క నా వైపు చూసింది. నేను స్కూటర్ తాళం తీశాను.

సూర్యాపేట మీదుగా తిరుమలగిరి దాకా ఆ ప్రయాణం ఎలా చేశానో నాకిప్పటికీ సరిగా గుర్తులేదు. వాన మొహం మీద కొడుతోంది. రోడ్డు మీద ఎదురుగా మనుషులు గుంపుగా కనిపించినా ఏదో జరిగిపోయిందనుకునేవాణ్ణి. బడి పిల్లలు బ్యాగులు వేసుకుని నడుస్తుంటే, సెలవిచ్చారా, ఎందుకిచ్చారు అని అనుమానం. స్వప్న నోరు తెరిచి బిగుసుకుపోయిన తీరే కళ్లముందు ఆడుతోంది. స్వప్న పెద్దపిల్ల. ఎనిమిదేళ్ల పిల్లవాడైతే?

బడి ఒక పాత పెంకుటిల్లు. వరండాలో చెప్పుల గుట్ట. లోపలి గదిలో యాదగిరి సారు రెండు కంప్యూటర్ల ముందు పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినే పిలిచి పెట్టె మీద చెయ్యి పెట్టిస్తున్నాడు.

"ఇదేంది?"

"సీపీయూ సార్!"

"మంచిగ ముట్టుకుని చూడు. భయమెందుకు?"

పిల్లల్ని తోసుకుంటూ వెళ్లి, గోడలోని రెండు ప్లగ్గులూ తీగ పట్టుకుని లాగేశాను. పిల్లలు బెదిరిపోయారు. సారుకు కోపం వచ్చింది.

"ఎవరయ్యా నువ్వు? ఏం జేస్తున్నవ్? కరెంటే లేదు. నిన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అందుకే ఉత్తగ చూపిస్తున్న."

"స్విచ్ ఏసే ఉంది గద సార్. కరెంటు ఎప్పుడొస్తది?"

"లైన్‌మెన్లు పొద్దటి నుంచి స్తంభం పైన్నే ఉన్నరు. ఇగొస్తది అగొస్తది అంటున్నరు."

జరిగింది చెప్పాను. ఆయన వెంటనే పిల్లల్ని బయటికి పంపాడు. మేమిద్దరం ఆ గదిలో ఎదురుచూస్తూ నిలబడ్డాం. కాసేపటికి ఫ్యాను కిర్రుమని తిరగడం మొదలుపెట్టింది. బయట పిల్లలు "కరెంటొచ్చింది!" అని కేకలు వేశారు.

నా సంచిలో టెస్ట్ ల్యాంప్ ఉంది. హోల్డరులో మామూలు బల్బు, దానికి రెండు తీగలు, అంతే. పెట్టెలోకి కరెంటు పారుతుంటే అది వెలుగుతుంది. ఒక తీగను పెరట్లో నేలలోంచి వచ్చిన బోరు గొట్టానికి చుట్టి గదిదాకా లాగాను. రెండోదాన్ని మొదటి కంప్యూటరు పెట్టెకు తగిలించి, నేను దూరం జరిగి ప్లగ్గు పెట్టాను. బల్బు వెలగలేదు. రెండో కంప్యూటరుకు తగిలించి ప్లగ్గు పెట్టాను. బల్బు ఇంట్లో దీపంలా నిండుగా వెలిగింది.

యాదగిరి సారు దాన్ని చూసి మెల్లగా గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. "నా బిడ్డ గూడ ఆ లైన్లనే ఉండె" అన్నాడు.

తర్వాత ముంబై దుకాణానికి ఈమెయిల్ రాశాం. అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మళ్లీ రాస్తే అదీ లేదు. కొన్నాళ్లకు ఆ పేజీయే కనపడలేదు. ఇంకో పేరుతో, అవే బొమ్మలతో ఇంకో పేజీ కనిపించింది. పోలీస్ స్టేషన్‌కు పోతే, దుకాణం ఏ బజార్ల ఉంది అని అడిగారు. ఇంటర్నెట్‌లో అన్నాం. అదేడుందో కనుక్కుని రమ్మన్నారు. ఆ డబ్బాలు ఇంకా ఎన్ని ఊళ్లకు పోయాయో మాకు తెలిసే దారి లేదు. చాలాకాలం పేపర్లో కరెంటు షాక్‌తో ఎవరో చనిపోయారని చదివితే, ఎక్కడ, ఏం ముట్టుకుని అని చివరిదాకా వెతికేవాణ్ణి.

జరీనక్క కేంద్రం మూసేస్తానంది. నేను వద్దన్నాను. గది వెనక గుంత తవ్వించి, బొగ్గు, ఉప్పు వేసి సరైన ఎర్తింగ్ పెట్టాం. హైదరాబాద్ వెళ్లి డబ్బాలు నేనే తెచ్చి, ఒక్కోటీ విప్పి చూసి బిగించాను. స్వప్న చేతికట్టు విప్పాక నాయినతో కలిసి వచ్చింది. గుమ్మం దాటి లోపలికి రాలేకపోయింది. నేను కరెంటు కొలిచే మీటరు పెట్టి చూపించి, ఏమీ లేదమ్మా, సున్నా చూపిస్తోంది చూడు అన్నాను. ఆ పిల్ల మీటరు వైపు చూడనేలేదు.

వాళ్ల నాయిన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మొదటి కంప్యూటరు మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత రెండోదాని మీద. అలా ఆరింటి మీదా చెయ్యి పెట్టి, కూతురి వైపు తిరిగాడు.

"రా బిడ్డా. కూసో."

ఆ పిల్ల వచ్చి కూర్చుంది.

నా చదువులో కంప్యూటరు నడుస్తోందా లేదా చూడటమే నేర్పారు. కొనేవాళ్లూ అదే అడుగుతారు. నడిచే వస్తువు మనిషిని చంపగలదని నాకు తెలిసింది నకిరేకల్‌లో. అప్పటి నుంచి ఎవరైనా "కొంచెం జుమ్మంటాంది" అని చెబితే చేతిలో ఉన్న పని ఆపి వెళ్లాను. ఏ మెషిన్ బాగుచేసినా, మీటరుతో చూసుకున్నాక, దాన్ని వాడేవాళ్ల ముందే ఉత్తికాళ్లతో నిలబడి, దాని మీద నా చెయ్యి పెట్టి, ఆ తర్వాతే వాళ్లకు అప్పగించాను.