కోడూరుకు నీళ్ళ లారీ

యుద్ధం రోజుల్లో మా లారీ దళాన్ని బందరు పంపారు. రైలు దిగేసరికి ముసురు పట్టి ఉంది. బురద, ఉప్పుగాలి, తడిసిన ఖాకీ. సముద్రం ఒడ్డున కాపలా పోస్టులకు సరుకులు చేర్చడం మా డ్యూటీ. నేను ఫిట్టరుని. మాది గుడివాడ. రైసుమిల్లు ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని పట్టాళంలో చేరాను. సొంత జిల్లాలో డ్యూటీ పడిందని ఇంట్లోవాళ్ళు సంబరపడ్డారు. అందులో సంబరపడాల్సిందేమీ లేదని తరవాత తెలిసింది.

నాకు అప్పగించింది ఒక ముసలి డీజిలు లారీ. దాని డ్రైవరుది కోడూరు. పెళ్ళయి రెండేళ్ళు, భార్య ఊళ్ళోనే ఉంది. నన్ను బావా అనేవాడు. లారీని మాత్రం అమ్మా అనేవాడు.

ఇంజనులో గట్టి ఒత్తిడితో బేరింగులకు ఆయిలు చేర్చే రాగి పైపులు రెండూ పగుళ్ళిచ్చాయి. స్టోర్సు నుంచి వేరేవి వచ్చాయి గాని, చిలుం పట్టి పచ్చగా ఉన్నాయి. మర్నాడు ఆయుధపూజ. పొద్దున్నే చూద్దును గదా, స్పానర్ల పక్కన కుంకుమ బొట్లతో పైపులు తళతళలాడుతున్నాయి.

"చిలుం పట్టినయ్యి అమ్మవారి ముందు ఎట్టా పెడతాం బావా? అందుకే తోమాను" అన్నాడు డ్రైవరు.

పూజయ్యాక ఊది చూశాను. గాలి ధారాళంగా వచ్చింది. బిగించాను. ఆయిలు ఒత్తిడి చూపే గేజి ముల్లు నిలబడింది. వాడికి పండగ అప్పుడే వచ్చినట్టుంది.

ఆ వారంలోనే తుఫాను. దివిసీమ మీదికి ఉప్పెన వచ్చి పోయింది. కోడూరు పోస్టు నుంచి అందిన మాట వైర్‌లెస్ వాడు చదివాడు. "బావులన్నీ ఉప్పు. జనం గుంటల్లో నీళ్ళు తాగుతున్నారు. వాంతులు మొదలయ్యాయి. మంచినీళ్ళు పంపండి."

హవల్దారు గారు డ్రైవరు వంక చూశారు. "మీ ఊరేగా. నీ బండే తియ్యి" అని తనూ ఎక్కారు.

పీపాలు నింపుకుని బయల్దేరాం. చల్లపల్లి దాటాం. రోడ్డుకడ్డంగా పడ్డ తాటిచెట్లను నరికి తప్పించుకుంటూ అవనిగడ్డ దాటాం. కోడూరు ఇంకా ఐదు మైళ్ళుందనగా ముల్లు పడిపోయింది. డ్రైవరు వెంటనే ఇంజను ఆపేశాడు.

"అంతా విప్పాలి. పొద్దు వాలినా వాలొచ్చు" అన్నాను.

వాడు హవల్దారు గారి దగ్గరకు వెళ్ళాడు. "నేను నడిచెళ్తానండీ. రెండు డబ్బాల నీళ్ళిప్పించండి."

ఆయన కాదనలేదు. వాడు మూతల్లేని కిరసనాయిలు డబ్బాలు కావిడికి కట్టుకున్నాడు. బూట్లు విప్పి మెళ్ళో వేసుకుని బురదలో దిగాడు.

వాడు కనుమరుగయ్యాక పైపు విప్పాను. వంపు దగ్గర ఎర్రటి ముద్ద. ఇటుకపొడి. ఇళ్ళల్లో రాగిబిందెలు తోమినట్టే చింతపండు, ఇటుకపొడి వేసి తోమాడు. దారానికి గుడ్డపీలిక కట్టి లోపల కూడా లాగినట్టున్నాడు. బిందె అయితే కడిగితే పోతుంది. పైపు వంపులో అంటుకుపోయిన పొడి వేడి ఆయిలుకి ఊడి దారి మూసేసింది. వాడి భక్తి మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

ఆయిలు దింపి, డీజిలుతో దారులన్నీ కడిగి, మళ్ళీ బిగించి కోడూరు చేరేసరికి చీకటి పడుతోంది. కూలిన ఇంటి అరుగు మీద వాడు కూర్చుని ఉన్నాడు. వాడు చేరడానికి కాస్త ముందే భార్య పోయింది. ఆఖరిదాకా మంచినీళ్ళు అడిగిందట.

స్నానం చేయించడానికి ఆడవాళ్ళు ఉప్పునీళ్ళు తోడుతున్నారు. "కడసారి గదా నాయనా, నువ్వు తెచ్చినయ్యి ఇన్ని పొయ్యనియ్యి" అంది ఒక ముసలమ్మ.

"వద్దు పెద్దమ్మా. అయ్యి తాగే నీళ్ళు. బతికున్నోళ్ళకి పొయ్యండి."

తరవాత నన్ను చూశాడు. "పైపులో ఏముంది బావా?"

నా గోళ్ళ సందుల్లో ఎరుపు ఇంకా పోలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. "పాత ఇంజను గదా. ఏదో నలుసు పడింది."

"లోపల కూడా తోమానే" అన్నాడు.

యుద్ధం అయిపోయాక గుడివాడ వచ్చేశాను. పండగ ముందు మా ఆవిడ ఇటుక నలగ్గొట్టడం మొదలుపెడితే వీధిలోకి వెళ్ళిపోతాను. ఎందుకో ఆవిడకూ చెప్పలేదు. ఎక్కడ నిలబడినా కళ్ళముందు వాడి వీపే. భుజాన కావిడి, మెళ్ళో బూట్లు. మోకాలి లోతు బురదలో, నీళ్ళు తొణక్కుండా చిన్న చిన్న అడుగులేసుకుంటూ వెళ్తున్నాడు.