మార్చిలో వెళ్ళమన్నాను

నారింజ తొక్కను తురుముతుంటే ఆ ఘాటు ముందు కళ్ళకు తగులుతుంది, తర్వాత ముక్కుకు. నిన్న సింగపూర్‌లో, పుంగ్గోల్‌లోని మా వంటింట్లో ఆపిల్ తురుము, ఎండుద్రాక్ష, వెన్న, లవంగాల పొడి కలిపి సన్నని సెగ మీద పెట్టాను. క్రిస్మస్‌కు కజ్జికాయల్లాంటి చిన్న చిన్న 'పై'లలో కూరేందుకు చేసే మిన్స్‌మీట్ అది. పేరులో మాంసం ఉన్నా గిన్నెలో ఉండేవన్నీ పండ్లే. మా అమ్మాయి వాసన చూసి "టూ మచ్ క్లోవ్ లా, అమ్మా" అని తన గది తలుపు వేసుకుంది. మేం క్రైస్తవులం కాము. అయినా ప్రతి డిసెంబరులో చేస్తాను. చేసిన ప్రతిసారీ కరుణ ఆంటీ గుర్తొచ్చి, ఆ రోజంతా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడను.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తారీఖులు తారుమారైపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఒక కంపెనీ నన్ను అనంతపురం నుంచి తెచ్చి పాయా లేబర్‌లోని ఆఫీసులో కూర్చోబెట్టింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. బిషాన్‌లో కరుణ ఆంటీ, దానియేలు అంకుల్ ఉండే ఫ్లాట్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఇద్దరిదీ బాపట్ల పక్క పల్లె. ముప్పై ఏళ్ళుగా సింగపూర్‌లోనే ఉన్నారు, పిల్లలు లేరు. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెలు సువార్తను ఆంటీయే తన చేతులతో పెంచిందట. ఆ చెల్లెలు బాపట్లలో ఉండేది. మోకాళ్ళు పడిపోయి గడప దాటలేని మనిషి. ఆంటీ ఆమెను చూసి అప్పటికి ఆరేళ్ళయింది.

మొదటి రోజు భోజనంలో గోంగూర పచ్చడి వేస్తే, మర్యాదకు "బాగుందాంటీ" అన్నాను. ఆవిడ గరిటె కింద పెట్టేసింది. "బాగుందని ఎవరైనా అంటారే. ఏం తగ్గిందో చెప్పు." ఉప్పు తగ్గిందని నసిగాను. "అదీ! ఆ మాట ముందే అంటే ముత్యాలు రాలిపోతాయా?" ఇంకోసారి ఆఫీసులో ఒక తప్పు కనిపెట్టి, మా టీమ్ లీడ్ మొహం మాడుతుందని నోరు మూసుకున్నాను. సంగతి విన్న ఆంటీ మరునాడు పొద్దున్నే నన్ను తలుపు దాకా తోసుకొచ్చింది. "వెళ్ళి చెప్పిరా. చెప్పకుండా వచ్చావో, నీకు కూడు పెట్టను." చెప్పాను, తిట్లు తిన్నాను. నా మాటకు ఆఫీసులో విలువ పెరిగింది మాత్రం ఆ తర్వాతే.

మరుసటి ఏడు మధ్యలో ఆంటీ కడుపులోంచి గడ్డ తీశారు. తర్వాత మందులు నడిచాయి. నయమైపోయిందనే అనుకున్నాం. నవంబరులో ఒక సాయంత్రం నేను ఆఫీసు నుంచి వస్తుంటే, మా బ్లాక్ కింద రాతి బల్ల దగ్గర అంకుల్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. చేతిలో ఆసుపత్రి కవరు. "మళ్ళా వచ్చిందంటమ్మా. లివర్‌కి పాకిందంట. ఇక నెలల్లోనే అంటున్నాడు డాక్టరు" అన్నారు. ఆంటీకి చెప్పవద్దని ఆ డాక్టరును ఆయనే బతిమాలుకున్నారట. "పండగ పోనీ. నీకు దణ్ణం పెడతా, నీ నోటెంట రానీకు." అంత పెద్దాయన చేతులు జోడిస్తే కాదనలేకపోయాను. మా వైపూ ఇంతే. పెద్ద రోగం వస్తే ఊరంతటికీ తెలుస్తుంది, రోగికి తప్ప. అది ప్రేమే అనుకుంటాం.

ఆంటీ ఏటా అక్టోబరులోనే పండ్లు బ్రాందీలో నానబెట్టి జాడీకి ఎత్తేది. పెళ్ళికి ముందు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నప్పుడు, అక్కడి మేట్రన్ దగ్గర నేర్చుకున్న పని అది. ఆ ఏడు అక్టోబరంతా ఆసుపత్రికి తిరగడంతోనే సరిపోయింది. డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున లేచి, "నానబెట్టే టైమ్ లేదే. పొయ్యి మీదే ఉడికించేద్దాం, అరగంట పని" అంది. వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చెబుతుంటే నేను ఆపిల్ తురిమాను, ద్రాక్ష కడిగాను, గులా మెలాకా అనే ఇక్కడి కొబ్బరికల్లు బెల్లాన్ని చితక్కొట్టి వేశాను. పండ్లు ఉబ్బి దగ్గరపడ్డాక ఆవిడ ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మింగలేక మింగింది. "నాలుక చచ్చిపోయింది. మట్టి తిన్నట్టుంది నాకు. నువ్వు చూడు." కిందటేడు తిన్న రుచి గుర్తు చేసుకుని, పులుపు తగ్గిందన్నాను. నిమ్మకాయ పిండించింది. "ఇప్పుడో?" అంటే, జాజికాయ చాలలేదన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "అదీ! నా దగ్గర పెరిగిన పిల్లవంటే."

సీసాలకు ఎత్తుతుంటే అదే గొంతుతో అడిగింది. "ఒసే, ఒక మాట చెప్పు. ఆయన్నడిగితే కళ్ళు తిప్పేసుకుంటాడు. సువార్తను చూసి రావాలని ఉందే. ఇప్పుడే టికెట్ తీయించనా, కాస్త ఒంట్లో బలం వచ్చాక మార్చిలో వెళ్ళనా? నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తావు."

వేడి సీసా నా చేతిలో ఉంది. ఇప్పుడే వెళ్ళండి అంటే సరిపోయేది. కారణం చెప్పనక్కర్లేదు, అంకుల్‌కు ఇచ్చిన మాటా తప్పనక్కర్లేదు. అంత చిన్న ఉపాయం నా బుర్రకు తట్టనే లేదు. "మార్చిలో వెళ్ళండాంటీ. అప్పటికి బాగా కోలుకుంటారు" అన్నాను. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, "సరే అయితే" అని మూత అందించింది. ఆ సాయంత్రమే బాపట్లకు ఫోన్ చేసి, మార్చిలో వస్తున్నానని చెల్లెలికి నవ్వుతూ చెప్పింది.

జనవరి మూడో వారంలో ఆంటీ పోయింది. పండగయ్యాక చెబుదామనుకున్న అంకుల్‌కు ఆ అవకాశమే రాలేదు. కొత్త సంవత్సరం నాటికే ఆవిడకు స్పృహ లేదు. ఆయన ఫోన్ పట్టుకోలేకపోతే బాపట్లకు నేనే చేశాను. సువార్తగారు వెంటనే ఏడవలేదు. "మీకెప్పుడు తెలిసిందమ్మా?" అన్నారు. నవంబరులో అన్నాను. "మార్చిలో వస్తానంది గదా అని గదికి సున్నం కూడా వేయించుకున్నా. ఒక్క మాట చెబితే నేనే వచ్చేదాన్ని గదమ్మా, డేకుతూ అయినా." అప్పుడు ఏడ్చారు. ఆ ఏడుపు ఆగేదాకా నేను ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాను.

అంకుల్ మీద నాకు కోపం లేదు. ఆయన భార్యను కాపాడుకుంటున్నాననుకున్నారు. నాకు ఆ సాకు కూడా లేదు. అప్పటి నుంచి ఎవరడిగినా ఉన్నది చెప్పేస్తున్నాను. మా మామగారు తన ఆసుపత్రి రిపోర్టులో ఏముందని అడిగితే చెప్పాను. మావారు నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. మొరటుదాన్నని ఇంటా బయటా పేరుంది. ఇది ఆంటీ నేర్పిన ధైర్యం అని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది గాని, అది అబద్ధం. ధైర్యం కావలసిన రోజున నేను సీసాలకు మూతలు బిగిస్తూ కూర్చున్నాను. నాలో ఇప్పుడున్నది భయం. ఆ ఫోన్‌లో విన్నలాంటి ఏడుపు మళ్ళీ నావల్ల ఎవరైనా ఏడుస్తారేమోనన్న భయం.