కేసు కాదు, పేరు చెప్పు

“నిన్న డోలీలో దిగిన కేసు పోనాదమ్మా. మీ తాలూకేనా?” అని వార్డు ఆయా వచ్చి అడిగింది. ఆస్పత్రి వరండాలో టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా తాలూకే అన్నాను. మా సిస్టరమ్మ పోయిందని నాకు తెలిసింది అలాగే. వానలు కాస్త వెనకబట్టిన వారంలో జరిగింది ఇది. ఆయా మీద నాకు కోపం లేదు. ఆవిడ పొద్దున్న లేస్తే ఎన్ని చావులు మోస్తుందో పాపం. నా కోపమంతా కేసు అన్న ఆ ఒక్క ముక్క మీదే. దాని మీద కోపం తెచ్చుకోవడం నాకు నేర్పింది కూడా సిస్టరమ్మే.

పెదబయలు దాటి చాలా దూరం పోయాక జీపు రోడ్డు ఆగిపోతుంది. అక్కణ్ణుంచి గెడ్డ నీళ్ళలో దిగి దాటి, కొండ ఎక్కి దిగి మళ్ళీ ఎక్కితే మా ఊరు. నర్సు ఉద్యోగం మీద వచ్చినవాళ్ళెవరూ అక్కడ బట్టలు కూడా పూర్తిగా సర్దుకోరు, బదిలీ కాగితం కోసం చూస్తుంటారు. సిస్టరమ్మ పార్వతీపురం వైపు చర్చి కుటుంబంలో పుట్టింది. వయసులో ఉండగా వచ్చి ఉండిపోయింది. నేను పుట్టింది ఆవిడ చేతుల్లోనే. చదువుకుని అదే ఊరికి పంతులమ్మగా తిరిగొచ్చేసరికి ఆవిడ రిటైరయింది, అయినా పోలేదు. ఎందుకు పోలేదంటే, “కిందకెల్తే మోకాళ్ళు నొప్పులే” అనేది. కొండెక్కితే కదా మోకాళ్ళ నొప్పులొచ్చేది అంటే, “నీకేటి తెలుసు, పంతులమ్మవి” అని కసిరేది.

తిట్టకుండా మందివ్వడం ఆవిడకి చేతకాదు. జొరం మాత్ర చేతిలో పెట్టి, దోమతెర ఎందుకు కట్టుకోలేదని తాతల దగ్గర్నుంచి ఎత్తుకుని తిట్టేది. తిట్టడం అయ్యాక రాగి అంబలి పోసేది. ఆ అంబలి కోసం లేని జొరం తెచ్చుకున్నవాళ్ళు మా ఊళ్ళో ఉన్నారు, నాతో సహా.

కేసు అన్న ముక్క మా కొండ మీదకి ఎప్పుడెక్కిందో ఎవరూ చెప్పలేరు. చిన్నప్పుడు మాకు కేసంటే పెళ్ళికొచ్చే కూల్‌డ్రింకుల పెట్టె. జీపు దిగినచోటి నుంచి కావిళ్ళలో మోసుకొస్తుంటే వెనకాల పరిగెత్తేవాళ్ళం. మా నాన్నకి కేసంటే భూమి. కింద నుంచి వచ్చిన షావుకారు ఒకడు మా పల్లపు మడి తనదేనని కోర్టుకెక్కాడు. నాన్న వాయిదా వాయిదాకీ ఎండుమిరపకాయా జొన్నరొట్టే మూటకట్టుకుని పోయేవాడు. వచ్చి అరుగు మీద కూలబడి, “కేసు నడస్తంది” అనేవాడు. “కేసెక్కడ నడిసిందయ్యా, నడిసింది నువ్వు” అనేది సిస్టరమ్మ, ఆయన కాళ్ళకి మందు రాస్తూ. నాన్న పోయాడు. కేసు ఇంకా ఉంది.

ఇప్పటి కుర్రాళ్ళకి కేసంటే గంజాయి. ఎవరో బయటివాళ్ళు వస్తారు, మూట మోస్తే కూలిస్తామంటారు. మోసేది మావాళ్ళు, దొరికేది మావాళ్ళు, ఆ బయటివాళ్ళ మొహం ఏ పోలీసూ చూడడు. మా ఊరి సన్యాసి కొడుకు అలాగే దొరికి జైల్లో ఉన్నాడు. సన్యాసి ఎదురైతే అందరూ “కేసేమైంది?” అనే అడుగుతారు. నేనూ అలాగే అడిగేదాన్ని. సిస్టరమ్మ మాత్రం ఆ కుర్రాడి పేరు పెట్టి, “బొంజుబాబు తింటన్నాడా, సిక్కిపోనాడా?” అని అడిగేది. అంత పెద్ద మనిషి, మా ఊళ్ళో డోలీ ముందు కొస ఎత్తగలిగే భుజం ఉన్నవాడు, ఆవిడ గుమ్మంలో కూర్చుని ఏడవడం నేను చూశాను. ఇంకెక్కడా ఏడవగా చూడలేదు.

ఆవిడకి ఒళ్ళు మండేది మాత్రం ఆస్పత్రి కేసుతోనే. డెలివరీ కేసు, పాము కేసు, జొరం కేసు. ఓసారి కింది ఆస్పత్రిలో కొత్తగా చేరిన కుర్రాడెవరో గేటు దగ్గరే “కేసేంటి?” అన్నాడట. ఆవిడ జీపులోంచి డోలీ దింపనివ్వలేదు. “కేసేటి బాబూ? దానికి పేరు నేదా? పేరడుగు. పేరడిగాక రోగమడుగు” అందట. వాడు అడిగేదాకా నిలబడే ఉందట. ఇది మా జీపు డ్రైవరు నవ్వుతూ చెప్పేవాడు. “సిస్టరమ్మా, నువ్వు మామూలు కేసువి కాదు” అని వాడు ఆటపట్టిస్తే, “నేనే కేసూ కాదుగానీ దిగి ఆ మూటట్టుకో” అనేది. కళ్ళద్దాలు పెట్టుకునే కేసు డబ్బా ఒకటి ఉండేది ఆవిడకి, అందులో పిన్నీసులూ దారప్పోగులూ వేసుకునేది. దాన్ని టప్పున మూసి, “నాకు నచ్చిన కేసు ఇదొక్కటేనే. అక్కర్నేనప్పుడు మూసీవొచ్చు” అనడం నాకు బాగా గుర్తు.

ఇక్కడ మా డోలీ సంగతి చెప్పాలి. కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి అందులో రోగిని పడుకోబెట్టి ఇద్దరు భుజాన వేసుకుంటారు, అలిసినప్పుడు మారతారు. పేపర్లో ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ఫొటోలో వినపడనిది ఒకటుంది. మా ఊరి పద్ధతి ప్రకారం ముందు కొస పట్టిన మనిషి లోపలి మనిషిని పేరు పెట్టి పిలుస్తూ నడవాలి. లోపలి మనిషి ఊఁ కొట్టాలి. పేరు వినిపిస్తున్నంతసేపూ ప్రాణం దారి తప్పదని మా పెద్దల నమ్మకం. సిస్టరమ్మ చర్చి మనిషే అయినా ఈ పద్ధతంటే ఎంతో ఇష్టం. “ఊఁ అంటందంటే తెలివుందని. ఇంతకన్నా మంచి మిషను నా దగ్గర నేదు” అనేది. డోలీ పక్కన నడుస్తూ ముందువాడి కంటే గట్టిగా తనే పిలిచేది.

మా వదిన చిలకమ్మని అలాగే దించాం. కానుపయింది, బిడ్డ ఏడ్చింది, రక్తం ఆగలేదు. సిస్టరమ్మ చేతిలో ఉన్నవన్నీ చేసింది, ఇక దించాల్సిందే అంది. సన్యాసి ముందు, మా అన్న వెనక. “ఓ చిలకమ్మా” అంటే మొదట్లో “ఊఁ” బాగానే వినపడింది. కొండ దిగేసరికి సన్నబడింది. గెడ్డలో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి, డోలీని తలల మీదకెత్తారు. నీళ్ళ చప్పుడులో ఆ ఊఁ వినపడిందో లేదో ఎవరికీ తెలీదు. అవతలి గట్టున మాత్రం వినపడలేదు. సిస్టరమ్మ పిలవడం ఆపలేదు. రోడ్డు దాకా, ఆ తర్వాత జీపులో, ఆస్పత్రి మెట్ల దాకా పిలుస్తూనే ఉంది. అక్కడ ఎవరో చూసి, దారిలోనే పోయిన కేసు అని రాసుకోబోతే, “చిలకమ్మ. ముందు పేరు రాయండి. మిగతాది తరవాత” అంది. గొంతు పూర్తిగా పోయింది అప్పటికి. ఆ బిడ్డ ఇప్పుడు నా బడిలోనే చదువుతోంది. తల్లి పేరు అడిగితే గట్టిగా చెబుతుంది. ఆ గుంటకి అది నేర్పింది సిస్టరమ్మే.

ఇక మొన్నటి సంగతి. పొద్దున్న ఆవిడ తలుపు తీయలేదు. తోసుకుని వెళ్తే మంచం పక్కన నేల మీద ఉంది. ఎడం వైపు చచ్చుబడిపోయింది, మూతి పక్కకి పోయింది, కళ్ళు మాత్రం మమ్మల్నే చూస్తున్నాయి. సన్యాసికి కబురు పంపితే చేతిలో పని వదిలేసి వచ్చాడు. ఆవిడ దుప్పటే కర్రకి కట్టారు. సన్యాసి ముందు కొస భుజాన వేసుకున్నాడు, ఊరు దాటగానే పిలవడానికి నోరు తెరిచాడు. అడుగు ఆపేశాడు.

“పంతులమ్మా, సిస్టరమ్మ పేరేటి?” అన్నాడు నాతో.

నాకు తెలీదు. ఎవరికీ తెలీదు. ఆవిడ పనిచేసిన సబ్‌సెంటరు గోడ మీద ఎప్పుడో రాసిన పేరు సున్నాల కింద పోయింది. మా అందరి ఫోన్లలోనూ సిస్టరమ్మ అనే ఉంది. చిన్నప్పుడోసారి అడిగాను కూడా. “సిస్టరమ్మ అంటన్నారు కదే, ఇంకా పేరెందుకు” అని జడ లాగింది. వెనక్కెళ్ళి ఆవిడ పెట్టెలో ఏదైనా కార్డు వెతుకుదామని ఒకరన్నారు. అంత వ్యవధి లేదన్నాను నేను.

“సిస్టరమ్మా అనే పిలువు, మావా” అన్నాను.

పక్కన నడుస్తున్న ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. “అది ఆయమ్మ పనమ్మా, పేరు గాదు. పేనానికి అదెలా తెలస్తాది, తన్నే పిలస్తన్నారని?”

సన్యాసికి అదే భయం. అయినా పిలిచాడు. “ఓ సిస్టరమ్మా!” లోపల్నుంచి ఊఁ అని వచ్చింది. మా అందరికీ ఊపిరి వచ్చింది. అడవిలో, బండల మీద, కాఫీ తోటల పక్కన, అతను పిలుస్తూనే ఉన్నాడు, ఆవిడ ఊఁ అంటూనే ఉంది. మా వదిన ఊఁ ఆగిన ఆ గెడ్డలో కూడా ఆవిడ అంది. ఎలాగైనా దక్కుతుందని అక్కడ నేను గట్టిగా నమ్మాను. రోడ్డెక్కి అంబులెన్సు తలుపు వేశాక ఊఁ రాలేదు. డ్రైవరు సైరన్ మోగిస్తున్నాడు, వినపడలేదేమో అనుకున్నాం.

పెద్దాసుపత్రిలో చీటీ రాసే మనిషి తల ఎత్తలేదు. “కేసేంటి?” అన్నాడు.

నాకు ఆవిడలాగే నిలబడాలనిపించింది. పేరడుగు, పేరడిగాక రోగమడుగు అనాలనిపించింది. అనేలోపే అతనే అడిగాడు, “పేరు?” అని. సిస్టరమ్మ అన్నాను. అది పేరేంటమ్మా అన్నాడు. ఆవిడ ఫోన్లో తమ్ముడు అని ఉన్న నంబరుకి చేస్తూనే ఉన్నాను, అందడం లేదు. వెనకాల ఇంకో స్ట్రెచరు వచ్చి ఆగింది. అతను విసుక్కుని, పేరు తెలియని ఆడమనిషి కేసు అని రాసుకున్నాడు. ఆవిడ మంచానికి కట్టిన చీటీ మీద అదే ఉంది. మా కొండ మీద ఒక్కరినంటే ఒక్కరిని పేరు లేకుండా పోనివ్వని మనిషి, ఆ చీటీ కిందే పోయింది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం దిగదు. రోడ్డు వెయ్యనివాళ్ళని తిట్టుకుంటాను, ఆ చీటీ మనిషిని తిట్టుకుంటాను, ఆఖరికి అందర్నీ పేరు పెట్టి పిలిచి తన పేరు చెప్పకుండా పోయిన ఆవిణ్ణి కూడా తిట్టుకుంటాను.

ఆవిడ పోయిన రోజు మధ్యాహ్నానికి తమ్ముడు దొరికాడు. వచ్చి ఏడ్చి, వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. మా ఊరినుంచి కొందరం వెళ్ళాం. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, మట్టి వేశాం. చర్చి వెనక స్థలంలో, కొత్తగా సున్నం వేసిన సిలువ మీద నల్లరంగుతో ఆవిడ పేరు రాసి ఉంది. చదివాను. ఎవరో తెలియని మనిషి పేరులా ఉంది. దాన్ని ఇక్కడ రాయను. అక్కరకొచ్చిన రోజున తెలియని పేరుని, ఇవాళ తెలిసినట్టు రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు.

అందరూ బండ్ల వైపు కదిలారు. సన్యాసి కదల్లేదు. అతనికి చదువు రాదు. “ఏటి రాసున్నాది?” అని నన్నడిగాడు. చెప్పాను. తనలో తాను ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు, నోరు తిరిగేదాకా. తర్వాత డోలీ ముందు కొస మోసే భుజాన్ని తువ్వాలుతో తుడుచుకుని, చర్చి ఆవరణలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా, ఆ పేరు పెట్టి పిలిచాడు.

పిలిచి, అలవాటు కొద్దీ, తల కాస్త పక్కకి వంచి ఆగాడు, లోపల్నుంచి ఊఁ అంటుందేమోనని.