రోడ్డు కదులుతుందని చూసిన పొద్దు

నిన్న బాన్సువాడలో వేడి తారు వాసన తగలగానే, మా ఊరికి మొదటిసారి రోడ్డు వేసిన రోజులు గుర్తొచ్చాయి. నాకప్పుడు ఆరేళ్లు.

"రేపటి సంది గీ రోడ్డు బాన్సువాడ దాక పోతది" అంది అమ్మ. తెల్లారగానే వెళ్లి, రోడ్డు ఎప్పుడు కదులుతుందా అని కళ్లార్పకుండా చూశాను. రోడ్డు కదల్లేదు గానీ బస్సొచ్చింది. కొత్తిమీర గంపతో వచ్చిన అమ్మ నవ్వుతూ నన్నూ ఎక్కించింది.

అంతకుముందు ఆమె నడిచి వెళ్లేసరికి ఆకంతా వాడిపోయేది. ఆ రోజు అంగట్లో ఒక ముసలామె కట్ట వాసన చూసి, "ఇప్పుడే కోసినవా బిడ్డా?" అని అడిగింది.

"బస్సుల తెచ్చిన అవ్వా" అంది అమ్మ గర్వంగా.

కాసేపట్లోనే కొత్తిమీరంతా అమ్ముడైంది. మిగిలిన పొద్దంతా అమ్మ నన్ను బజార్లు తిప్పింది. తొందర లేకుండా నడిచే అమ్మను నేను మొదటిసారి చూసింది ఆ రోజే.