ప్రియ కోసం మా తమ్ముడు కట్టిన కంప్యూటర్

బుధవారం పొద్దున పది దాటాక మా తమ్ముడు గోపీనాథ్ తన కొట్లో కూర్చుని, కంప్యూటర్ ర్యామ్ పట్టీ ఒకదాన్ని పిల్లలు వాడే రబ్బరుతో రుద్దుతున్నాడట. నంద్యాల సంజీవనగర్ గేటు దగ్గర వాడి కొట్టు. పక్క కొట్లో జాకెట్లు కుట్టే పద్మమ్మ చూసి పలకరించింది.

"ఏందప్పా గోపీ, రబ్బరు పట్టుకున్నావ్? ఎక్కాలు తప్పు రాసినావా?"

"నేను కాదక్కా, ఈ కంప్యూటరు అన్నీ మర్చిపోతాంది. గుర్తుకు తెస్తాండా."

ఆ పట్టీ అంచున సన్నని బంగారు రంగు గీతలు ఉంటాయి. వాటికి పట్టిన చిలుము రబ్బరుతో పోతుంది. వాడు పట్టీని ఊది, గాడిలో నొక్కి, బటన్ వేసి స్టూలు మీద కూర్చున్నాడు. తెర వెలిగింది. పద్మమ్మ మళ్ళీ ఏదో అడిగింది. బదులు రాలేదు. మిషను ఆపి వచ్చి చూస్తే గోడకు ఆనుకుని ఉన్నాడు. గుండె ఆగిపోయింది. నలభై ఒక్కేళ్ళు.

అప్పటికి తొమ్మిది వారాలుగా నేను వాడితో మాట్లాడటం లేదు. పనికిరాని సరుకు అంటగట్టి నా కూతుర్ని మోసం చేశాడని నేను నమ్మాను. నమ్మడంతో ఆగలేదు, మొహం మీదే అన్నాను.

మాది అహోబిలం. నాయన అక్కడి గుడి వంటశాల మడపల్లిలో స్వామికి ప్రసాదాలు వండేవాడు. ఆయన పోయాక అమ్మ అమృతవల్లి ఆళ్ళగడ్డలో మా ఇంటికి వచ్చేసింది. నేనూ నా భర్త రంగనాథమూ ఇక్కడి బడుల్లో పంతుళ్ళం. గోపి పెళ్ళి చేసుకోలేదు. నంద్యాలలో కొట్టు వెనక గదిలో ఉండేవాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు, చేతిలో ఎప్పుడూ ఒక పాత కంప్యూటర్ డబ్బా ఉండేది.

నాకు ఆ పనంటేనే రోత. పాత డబ్బా మూత తీస్తే లోపల ఏముంటుందో చూడనివాళ్ళు అదృష్టవంతులు. నెట్ సెంటర్ల నుంచి వచ్చినవాటిలో బొద్దింకలు కాపురం ఉంటాయి. వాటి గుడ్లు ఫ్యాను రెక్కల వెనక వరసగా అతుక్కుని ఉంటాయి. ఒక ఆఫీసు నుంచి వచ్చినదాని గాలి ఆడే జల్లెడ నిండా గుట్కా ఉమ్మి ఎండి, నల్లటి అట్ట కట్టింది. ఇక్కడ విగ్రహాలు చెక్కే వీధి నుంచి వచ్చినవాటిలో రాతిపొడి చెమ్మకు తడిసి పిండిముద్దలా ఉండేది. ఒకదానిలో ఎలుక ఈనింది. పిల్లలు ఎప్పుడో వెళ్ళిపోయాయి, కంపు మాత్రం ఉండిపోయింది. గోపి పెరట్లో గోనెసంచి పరుచుకుని, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, కుంచెతో ఇదంతా తీసేవాడు. నేను కిటికీ మూసేసేదాన్ని.

"ఏమప్పా, మడపల్లి వాళ్ళింట్లో పుట్టి ఎలకలకు పురుళ్ళు పోస్తాండావే?" అనేవాడు రంగనాథం.

"పురుడు పోస్తే పుణ్యం బావా. నువ్వు పిల్లోళ్ళ చెవులు మెలేస్తావు, దానికేమొస్తాది?"

పని అయ్యాక పెరటి కొళాయి కింద స్నానం చేస్తే తప్ప అమ్మ వాడికి విస్తరి వేసేది కాదు. వాడికీ అదే ఇష్టం. ఆ మురికిని వాడు ఎన్నడూ తిట్టలేదు. వాడి రోతంతా తన తోటి వ్యాపారుల మీద. ఆటల కంప్యూటర్‌కు ప్రాణం గ్రాఫిక్స్ కార్డు, తెర మీద బొమ్మను పరిగెత్తించేది అదే. ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు నడిపి కాల్చేసిన కార్డులను పెట్రోలుతో కడిగి, కొత్త స్టిక్కర్ అంటించి, ఆర్నెల్లే వాడినామని అమ్మేవాళ్ళు ఉన్నారు.

"పాచిపోయిన పులిహోరకు మళ్ళా పోపు పెట్టి అమ్మే జాతక్కా వీళ్ళు," అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహం నిజంగానే వాంతి వచ్చేవాడిలా మారిపోయేది.

అందుకే వాడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తను కట్టిన ప్రతి డబ్బా మూత లోపలివైపు ఒక తెల్లకాగితం అంటించేవాడు. ఏ భాగం కొత్తది, ఏది పాతది, పాతదైతే ఎవరి దగ్గర కొన్నది, దానికున్న జబ్బేమిటి, అన్నీ నీలం పెన్నుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉండేవి.

నా కూతురు విష్ణుప్రియ నంద్యాలలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. ఐదుగురు జట్టుగా ఆడే ఒక కంప్యూటర్ ఆటలో దానికి మంచి చేయి ఉంది. హాస్టల్లో స్నేహితురాలి కంప్యూటర్ మీద ఆడుతూ ఆన్‌లైన్ పోటీకి ఎంపికైన జట్టులో చోటు సంపాదించుకుంది. ఆ స్నేహితురాలు చదువు ముగించి కంప్యూటర్ తీసుకుని వెళ్ళిపోయింది. పోటీ నెల రోజుల్లో, సెలవుల్లో ఒక ఆదివారం, ఇంటి నుంచే ఆడాలి. అప్పటికి సొంత కంప్యూటర్ లేకపోతే ఆ చోటు ఇంకొకరికి. కొత్తదాని ధర విని మేమిద్దరం నోరు మూసుకున్నాం.

"నేను కట్టిస్తాలే," అన్నాడు గోపి.

"అన్నీ పాతవేనా మామా?" ప్రియ మొహం చిట్లించింది.

"పాతవైతే ఏందీ? రేకు డబ్బాకు వయసేంది? ప్రాసెసర్ చెడిపోయింది నేను ఇంతవరకు చూడలే. ర్యామ్ రుద్దితే పలుకుతాది. కరెంటిచ్చే పెట్టె మాత్రం కొత్తదే కొనాల. దాంట్లో కక్కుర్తి పడితే అది చస్తా చస్తా చుట్టుపక్కలోళ్ళందర్నీ తీసుకోని పోతాది."

శిరివెళ్లలో మూసేసిన నెట్ సెంటర్ నుంచి డబ్బా తెచ్చాడు. ఒక ఆఫీసువాళ్ళు పక్కన పడేసిన కంప్యూటర్ నుంచి మదర్‌బోర్డు, ప్రాసెసర్ తీశాడు. కరెంటు పెట్టె కొత్తది కొన్నాడు. కార్డు ఒక్కటే దొరకలేదు. ఒకదాని కోసం సంజామల దాకా పోయి, చేతిలోకి తీసుకుని వాసన చూసి, పెట్రోలు కంపు కొడుతోందని అక్కడే పెట్టేసి వచ్చాడు. మూడు వారాలు గడిచాయి. ప్రియ రోజూ ఫోను చేసేది. చివరికి గురువారం వాడే చేశాడు.

"దొరికిందక్కా. మూడు గంటలు ఆట ఆడించినా. వేడి కూడా ఎక్కలే."

"యాడ దొరికింది?"

"ఒకరింట్లో," అన్నాడు. అంతకుమించి చెప్పలేదు.

శనివారం సాయంత్రం బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. కుదుపులకు గాడి విరుగుతుందని కార్డు విడిగా తీసి తువ్వాల్లో చుట్టుకొచ్చాడు. ఆ రాత్రి వరండాలోనే పడుకున్నాడు. ఆదివారం పదకొండింటికి పోటీ. తొమ్మిదికి వాడు స్నానం చేసి వచ్చి, తువ్వాలు విప్పి కార్డు బిగించాడు. ప్రియ పక్కనే మోకాళ్ళ మీద కూర్చుంది.

"నొక్కు తల్లీ. నీ చేత్తోనే."

నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద బొమ్మ వచ్చి రెండు క్షణాలు నిలబడింది. చిట్‌మని చప్పుడైంది. కాలిన ప్లాస్టిక్ వాసన గదంతా నిండింది. గోపి దుమికి ప్లగ్ లాగేశాడు. కార్డు తీసేసి మళ్ళీ ప్లగ్ పెడితే మిగతాదంతా పని చేసింది. అంటే పోయింది కార్డే. అది లేకుండా ఆ ఆట నడవదు.

వాడు కార్డును గుమ్మం దగ్గర వెలుతురులోకి తీసుకుపోయి వెనక్కి తిప్పాడు. బొటనవేలితో ఒకచోట రుద్ది, ఆ వేలిని వాసన చూశాడు. తర్వాత చాలాసేపు వంటింటి వైపు చూస్తూ నిలబడ్డాడు. లోపల అమ్మ కొబ్బరి తురుముతున్న చప్పుడు వినిపిస్తోంది. సాకు వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"మామా, ఇంకోటి యాడన్నా దొరుకుతాదా? బేగా తెస్తే..."

"లేదమ్మా."

రంగనాథం డబ్బా మూత తీసుకుని లోపలి కాగితం పైకి చదవసాగాడు. "డబ్బా, శిరివెళ్ల నెట్ సెంటర్. ఎడమవైపు సొట్ట. మదర్‌బోర్డు, ఆఫీసుది. ఒక గాడి పనిచేయదు. ర్యామ్, రెండు పట్టీలు, రెండూ పాతవి..." ఆగాడు. "గ్రాఫిక్స్ కార్డు, పాతది. అంతేనా? అన్నిటికీ ఊరూ పేరూ రాసినావు. దీనికేమాయె గోపీ?"

వాడు కార్డును సంచిలో వేసుకున్నాడు.

"ఎవరి దగ్గర కొన్నావప్పా?"

"తప్పు నాదే బావా. నేనే చూసుకోలే."

"అడిగిందేంది, నువ్వు చెప్పేదేంది? మేనకోడలికే ఇట్లా అంటగట్టినావంటే ఇంక బయటోళ్ళ గతేందప్పా?"

ప్రియ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. అప్పుడు నేనన్నాను. "ఎలక పెంట ఎత్తినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదురా నాకు. నీ మొహం చూస్తే పుడతాంది."

వాడు తువ్వాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. వంటింట్లోకి పోయి అమ్మతో ఏవో రెండు మాటలు మాట్లాడి, భోంచేయకుండానే బస్సెక్కాడు.

ప్రియ చోటు ఇంకో అమ్మాయికి పోయింది. ఆ జట్టు మొదటి పోటీ గెలిచిందని తెలిసిన రోజు అది అన్నం ముట్టలేదు. రెండు వారాల తర్వాత గోపి బస్సు కండక్టర్ చేత ఒక అట్టపెట్టె పంపాడు. ఇంకో కార్డని తెలుస్తూనే ఉంది. విప్పకుండా అదే బస్సులో తిప్పి పంపాను.

"వాపసా మేడం? పగిలే సామానన్నాడు, జాగ్రత్తగా తెచ్చినానే," అన్నాడు కండక్టర్.

"తీసుకోని పో. మా ఇంట్లో చెత్త పెట్టుకోం."

ఆ మాట కూడా వాడికి చేరే ఉంటుంది. తర్వాత వాడు ఆదివారాలు రాలేదు. ఆ తర్వాత ఈ బుధవారం.

కర్మలు పూర్తి కాకముందే కొట్టు ఇంటి యజమాని ఖాళీ చేయమన్నాడు. నేను నంద్యాల పోయేసరికి ఇద్దరు వ్యాపారులు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. నోట్లో వక్కపొడి. చావు పలకరింపు రెండు నిమిషాల్లో ముగించి లోపలికొచ్చారు. కార్డులను సంతలో వంకాయల్లా ఎత్తి, తిప్పి, పారేస్తున్నారు.

"మీ తమ్మునితో యాపారం శానా కష్టం మేడం," అన్నాడొకడు నవ్వుతూ. "స్టిక్కర్ మార్చుకో సామీ, నీకూ నాలుగు దుడ్లు మిగుల్తాయంటే, ముందు నువ్వు చెయ్యి కడుక్కోని రా అంటాండె."

వాళ్ళు ఎర్రటి పళ్ళు బయటపెట్టి నవ్వారు. ఆ చేతులు వాడి కుంచెను, వాడి స్క్రూడ్రైవర్లను తడుముతుంటే వాటిని లాక్కున్నాను. బయటికి పొమ్మన్నాను. కానీ వీళ్ళను చూసి అసహ్యపడే హక్కు నాకు ఎక్కడిది? వీళ్ళు వాడిని చేతకానివాడన్నారు. దొంగను చేసింది నేను.

వాళ్ళు పోయాక ఒక్కో డబ్బా మూతా తీసి చూశాను. కట్టి ఉంచినవి ఏడున్నాయి. ఏడింటిలోనూ కాగితం ఉంది, ప్రతి పాత భాగానికీ ఊరూ పేరూ ఉన్నాయి. ఖాళీ వదిలింది ఒక్క మా ఇంటి డబ్బాలోనే. అది చూశాక నాకు ఏం నమ్మాలో తెలియలేదు. మోసగాడు కాడనుకుంటే ఆ ఖాళీ ఉంది. మోసగాడనుకుంటే ఈ ఏడు కాగితాలున్నాయి.

పన్నెండో రోజు దాటాక సామాను ఆటోలో ఇంటికి తెచ్చాం. రంగనాథం అన్నీ వరండాలో దించాడు. అమ్మ చెంబుతో వచ్చి, తులసి కొమ్మ ముంచి, వాటి మీద పసుపు నీళ్ళు చల్లబోయింది.

"అమ్మా, కరెంటు సామాన్లమ్మా. నీళ్ళు తగలకూడదు."

"ఏం కాదులే. ఆ పొద్దు ప్రియ దానికీ చల్లినా కదా."

"దేనికి?"

"అదే, తువ్వాల్లో చుట్టి తెచ్చినాడే, దానికి. చావింట్లో నుంచి తెచ్చినాడంట. సంజీవయ్య అని ఎవరో, ఆయన కొడుకు పోయినాడంట. పది దినాలు కూడా కాలేదంట. రాత్రి ఎవురిదిరా అంటే నాకు చెప్పినాడు, మీకు చెప్తే పిల్లకు పట్టింపు అవుతాదన్నాడు. మైల వస్తువు ఆడబిడ్డ చేతికి ఎట్లా ఇస్తాం? తెల్లారి వాడు స్నానానికి పోయినప్పుడు విప్పి, బాగా తడిసేటట్టు చల్లి, పైపైన తుడిచి, మళ్ళా చుట్టి పెట్టినా."

నేను చెంబు పట్టుకున్నాను. "వాడికి తెలుసా ఈ సంగతి?"

"తెలియకేం? పోతా పోతా వంటింట్లోకొచ్చి అడిగినాడు, నీళ్ళు చల్లినావామ్మా అని. చల్లినా అన్నా. మంచి పని చేసినావులే అన్నాడు. అక్కకు మాత్రం చెప్పద్దు, ఎగతాళి చేస్తాది అన్నాడు."