అన్నయ్య మూసిన తూము

పోయిన ఆదివారం మా మేనకోడలి కూతురికి బాప్తిస్మం ఇచ్చారు. చర్చి వెనక కొత్తగా కట్టించిన సిమెంటు తొట్టిలో, ట్యాంకరుతో తెచ్చి పోసిన నీళ్ళలో ఆ పిల్ల మునిగి లేచింది. అందరం పాటలు పాడాం, భోజనాలూ బాగానే జరిగాయి, అయినా ఇంటికొచ్చి మంచం మీద నడుం వాల్చాక వయసుది కాని అలసట ఏదో ఒళ్ళంతా పట్టుకుంది. చర్చి మెట్లు దిగితే గెడ్డ. అంత దగ్గర్లో పారే నీళ్ళుండగా తొట్టి ఎందుకని ఒక్కరూ అడగలేదు. గాలి అటునుంచి వీస్తే ముక్కుకే తెలిసిపోతుంది.

మా ఊరు అరకుకి కాస్త దిగువన ఉంటుంది. నా చిన్నతనంలో అరకంటే ఓ రైలు స్టేషను, నాలుగు క్వార్టర్లు, వారానికో సంత, అంతే. కొండ మీద ఊటగా పుట్టిన నీరు ఆ పక్కనుంచే మా మడుల్లోకి వచ్చేది. సంతకి తీసుకెళ్ళే అల్లం, ముల్లంగి ఆ నీళ్ళలోనే కడిగేవాళ్ళం, దాహమేస్తే అక్కడే వంగి దోసిలితో తాగేవాళ్ళం, పొద్దు వాలే వేళకి రాళ్ళ కింద పీతలు పట్టుకుని ఇంటికి చేరేవాళ్ళం. నాకు బాప్తిస్మం ఇచ్చింది కూడా ఆ గెడ్డలోనే. మా అమ్మా నాన్నా ప్రభువుని నమ్ముకున్నారు గాని నాయనమ్మ మాత్రం చివరిదాకా కొండదేవతకే మొక్కింది. ఆ రోజు కూడా వచ్చి ఒడ్డున నిలబడి, నేను నీళ్ళలో కాలు పెట్టబోతుంటే "గెడ్డకి సెప్పి దిగు, గుంటా" అంది. పాస్టరుగారు విని నవ్వి ఊరుకున్నారు. నేను లోపల్లోపల చెప్పుకునే దిగాను.

తర్వాత నాకు పెదబయలులో టీచరు ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. సెలవులకి పుట్టింటికి వచ్చే మనిషికి మార్పులు ఇంకా బాగా కనపడతాయి. ఒక సెలవులకి ఓ లాడ్జీ లేచింది, మరో సెలవులకి దాని పక్కన ఇంకోటి, ఆ పైన గుడారాల హోటళ్ళు, బొంగు చికెన్ బడ్డీలు, వలిసెపూల ముందు ఫొటోలు దిగేవాళ్ళ కార్లు. మా వాళ్ళకి పనులు దొరికాయని నేనూ సంతోషించాను. గెడ్డ ఒక్కనాడు పాడైపోలేదు. మొదట ఎండాకాలంలో మాత్రం కాస్త నురగ కనపడేది, వానలకి పోయేది. పోను పోను నురగ ఉండిపోయింది, దాని వెనకే ప్లాస్టిక్ గ్లాసులు, ఆ వెనక కంపు.

గెడ్డ ఒడ్డు మడి మా అన్నయ్యది. వానాకాలం వరి, చలికాలం క్యారెట్టు, ముల్లంగి వేసేవాడు. నాట్లకి దిగితే వదిన కాళ్ళు మోకాళ్ళదాకా పొక్కేవి. సంతలో మా ఊరి ముల్లంగి అనగానే కొనేవాళ్ళు వాసన చూసి పక్క గోనె దగ్గరికి జరిగిపోయేవారు. అన్నయ్య, మడికి పైనే ఉన్న లాడ్జీ యజమాని దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళాడో. ఆయన చెడ్డవాడేం కాదు, కుర్చీ వేసి, టీ ఇప్పించి, వానలు తగ్గగానే మురుగుకి గొయ్యి తవ్విస్తానని ప్రతిసారీ చెప్పేవాడు. పంచాయతీవాళ్ళు కూడా ఓసారి వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని చూసి వెళ్ళారు.

ఒక ఏడు నేను క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు, మంచు ఇంకా విడవక ముందే అన్నయ్య గునపం పట్టుకుని బయటికి వెళ్ళాడు. రాళ్ళూ, మట్టి నింపిన గోనెలూ కుక్కి, గెడ్డలోకి దిగే ఆ లాడ్జీ తూముని మూసేసి వచ్చాడు. చోడి అంబలి తాగుతూ, గట్టు కట్టి వచ్చినంత మామూలుగా ఆ సంగతి చెప్పాడు. నాకు లోపల గర్వంగానే అనిపించింది. వదిన మాత్రం గిన్నె కింద పెట్టేసి, గుంట అక్కడే కదా డ్యూటీకి ఎల్లింది అంది. మా మేనకోడలు ఆ లాడ్జీలోనే గదులు తుడిచే పనిలో ఉండేది. ఆ మాట అన్నయ్యకి తట్టనే లేదు.

మధ్యాహ్నానికి మురుగు వెనక్కి తన్ని బాత్రూముల్లోంచి గదుల్లోకి పొంగిందట. పండగ రోజులు, లాడ్జీ నిండా జనం. మేనకోడలు పొద్దు వాలాక వచ్చింది. తిన్నగా పెరట్లోకి పోయి నీళ్ళు పోసుకుంది, చీర మార్చుకుని మళ్ళీ వెళ్ళి పోసుకుంది. తర్వాత వచ్చి తండ్రి ఎదురుగా కూర్చుంది.

"తూము మూసింది నువ్వేనని నాకు తెల్సయ్యా. ఎవులికీ సెప్పలేదు" అంది. రెండు చేతులూ ముందుకు చాపి, "ఆ మురికి లాడ్జీవోళ్ళు ఎత్తలేదు. నానెత్తినాను, ఈ సేతుల్తోనే" అంది.

"మరి నన్నేటి సెయ్యమంటావు, గుంటా?" అన్నాడు అన్నయ్య. అందులో కోపం లేదు, నిజంగానే అడిగాడు.

"నాకూ తెల్దయ్యా."

వాళ్ళిద్దరూ నావైపు చూశారు. చదువుకున్న మనిషిని, ఏదో ఒకటి చెప్తానేమోనని.

అన్నయ్య లేచి మళ్ళీ గునపం అందుకున్నాడు. నేను వెనకే వెళ్ళాను. ఒక్కో రాయీ లాగుతుంటే ఉన్నట్టుండి మురుగు ఎగదన్ని ఆయన మొహాన పడింది, ఆ తర్వాత నల్లగా గెడ్డలోకి, గెడ్డలోంచి మా మడి వైపుకి పోయింది. గునపం కడుక్కోవడానికి అలవాటు కొద్దీ గెడ్డ వైపు వంగినవాడు, అలాగే ఆగిపోయి, దాన్ని గడ్డికి తుడిచి భుజాన వేసుకున్నాడు.

మరుసటేడు ఆ మడి బీడు పెట్టేశాడు. ఇప్పుడది బళ్ళు నిలుపుకునే జాగా. నీళ్ళలో దిగే పని లేక వదిన కాళ్ళు నయమయ్యాయి. ఆ లాడ్జీ యజమాని మాట నిలబెట్టుకుని గొయ్యి తవ్వించాడు గాని, అప్పటికి దానికి ఎగువన మరెన్ని వెలిశాయో. మేనకోడలు అక్కడే సూపర్‌వైజరైంది, ఆ జీతంతోనే పిల్లని చదివిస్తోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోను? ఎటు వేలు చూపించినా ఆ చివర మా పిల్లల కంచమే కనపడుతుంది. అందుకే కోపం కూడా ఎప్పుడో అలిసిపోయింది.

మొన్న వీధిలో ఆడుకుంటున్న పిల్లల బంతి ఒడ్డు దిగి నీళ్ళలో పడింది. మురుక్కాలవలో పడిపోనాదిరా, ఇంక వద్దు, ఒదిలీ అనుకుంటూ వెళ్ళిపోయారు. అది కాలవ కాదర్రా, గెడ్డ అని చెబుదామని అరుగు మీంచి లేచాను. గెడ్డంటే ఎలా ఉంటాదమ్మా అని వాళ్ళు అడిగితే ఏం చూపించను? మళ్ళీ కూర్చున్నాను.