జవాబుకి ముందు కాసేపు

"నేను నిద్ర లేస్తాను," అంది గోడ.

తర్వాత ఏమీ లేదు. ఫ్యాను రెక్కల చప్పుడు, కింద వీధిలో ఎవరో సైకిలుకి స్టాండు వేసిన చప్పుడు. ఆ ఖాళీలో ఎవరో ఏదో అనాల్సి ఉంది, అనడం లేదు. కాసేపటికి మళ్ళీ అదే గొంతు, అప్పుడే కడిగి బోర్లించిన గాజుగ్లాసులా, "మె లెవాంతో" అంది.

"నువ్వు నిద్ర లేస్తావు." ఖాళీ. "తె లెవాంతాస్."

ఆ గదిలోకి నేను అద్దెకి దిగిన మొదటి మధ్యాహ్నం అది. పెట్టెలు విప్పడం ఆపి, చాప మీద వెల్లకిలా పడుకుని విన్నాను. గోడ అవతల ఒక మనిషి లేస్తోంది, మొహం కడుక్కుంటోంది, తల దువ్వుకుంటోంది, కూర్చుంటోంది, మళ్ళీ పడుకుంటోంది. ఒకసారి తనకోసం, ఒకసారి నాకోసం, ఒకసారి మనందరికోసం. నిన్న లేచింది. రేపు లేస్తుంది. చిన్నప్పుడు రోజూ పెందలాడే లేచేది. నిద్ర లేవడం గురించి అన్ని కాలాల్లోనూ వింటూ వింటూ నేను హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం ఆ పక్కింటావిడ మెట్ల మీద కనిపించింది. యాభై దాటిన మనిషి, సన్నగా, చేతిలో కూరల సంచీ. "మా గోల మీ గదిలోకి వస్తోందా? కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం," అంది, మొహంలో నవ్వన్నది లేకుండా. అప్పుడు గుర్తుపట్టాను. ఊళ్ళో రైలెక్కిన ప్రతివాళ్ళూ ఆ గొంతు విన్నవాళ్ళే. స్టేషన్లో ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఎంత ఆలస్యంగా వస్తోందో ఏళ్ళ తరబడి చెప్పిన గొంతు అది. తర్వాత ఆ పని యంత్రానికి ఇచ్చేశారు. ఉద్యోగం పోయినా పేరు ఉండిపోయింది. వీధిలో అందరికీ ఆమె రైలక్క.

భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నెమ్మదైన మనిషి, నోరు మాత్రం ఊరుకోదు. "స్టేషన్లో రోజూ చింతిస్తూ కూర్చునేదండి. ఇంట్లో ఒక్కనాడు చింతించి ఎరగదు. ఉన్నదంతా అక్కడే ఖర్చయిపోయేది," అని నాతో చెప్పాడు. ఆమె వింటూనే ఉంది. బండి వెళ్ళిపోయాక ఖాళీ పట్టాలను చూసినట్టు అతన్ని చూసింది.

గోడలోంచి నేను విన్నది స్పానిష్ పాఠాల సాధన. అవి ఆమె వెతుక్కుంటూ వెళ్ళినవి కావు. వెనకవీధిలో, ఒకప్పుడు చెప్పుల గోడౌనుగా ఉన్న గదిలో ఒకాయన రికార్డింగు స్టూడియో పెట్టుకున్నాడు. ఫోన్లో విని నేర్చుకునే భాషాపాఠాలు తయారుచేస్తాడు. స్పానిష్ పాఠాలు రాసిన టీచరమ్మ మాటలకి తెలుగు చెప్పడానికి రైలక్కని పిలిచాడు. కొన్ని పాఠాలయ్యాక టీచరమ్మకి వేరే ఊరు బదిలీ అయింది. అప్పటికే అవతలి సగం కూడా రైలక్క నోటికి పట్టుబడి ఉంది. రాసిన పాఠాలు చేతికిచ్చి, రెండు సగాలూ మీరే చదవండి అన్నాడు స్టూడియో ఆయన.

కడగడం వేరు, కడుక్కోవడం వేరు, అని ఒకరోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ నాకు చెప్పింది. గిన్నె కడుగుతాం, మొహం కడుక్కుంటాం. మనకి ఆ తేడా మాట చివర్న ఒదిగి ఉంటుంది. వాళ్ళకి అదొక చిన్న మాటై విడిగా తిరుగుతుంది. నాకైతే మె, నీకైతే తె, ఆమెకైతే సె. కాలం మారినా అది మారదు. నిన్నటి ముందూ రేపటి ముందూ అదే పిట్టలా వచ్చి వాలుతుంది. ఎవరినైనా లెమ్మని చెప్పాల్సి వస్తే మాత్రం ఎగిరి మాట తోక మీద కూర్చుంటుంది, లెవాంతతె. లేవొద్దని చెప్పామా, బెదిరి మళ్ళీ ముందుకి వస్తుంది, నో తె లెవాంతెస్.

మనకి రోజూ లేవడానికీ రేపు లేవడానికీ 'లేస్తాను' ఒక్కటే కాబట్టి, ఆమె ముందు 'రోజూ' అనో 'రేపు' అనో చేర్చి చదివేది. 'రేపు' అని ఆమె అంటే ఎక్కడో కిటికీ రెక్క తెరుచుకున్నట్టుండేది.

కానీ ఆమె అసలు పనితనం మాటల్లో లేదు. తెలుగు వాక్యానికీ స్పానిష్ జవాబుకీ మధ్య వదిలే నిశ్శబ్దంలో ఉంది. నేర్చుకునేవాళ్ళు ఆ ఖాళీలోనే గుర్తుచేసుకోవాలి, నోరు విప్పాలి. అది చిన్నదైతే కంగారు, పెద్దదైతే విసుగు. ఆ కొలత కోసం ఆమె గడియారం పెట్టుకోలేదు. తన వదినని పెట్టుకుంది.

వదిన అంటే భర్తకి అక్క. ఆసుపత్రిలో ఆయా. ఇంకొకళ్ళని లేపడం, ఒళ్ళు తుడవడం, తల దువ్వడం, పడుకోబెట్టడం ఆమె డ్యూటీ. అది దిగాక తిన్నగా స్టూడియోకి వచ్చి, లోపలిగదిలో మైకుకి దూరంగా నేల మీద కూర్చునేది. రికార్డింగప్పుడు ఫ్యాను ఆపేయాలి, గరగరలాడే బట్టలు కట్టుకోకూడదు, చేతి గడియారం బయటపెట్టి రావాలి. ఆ ఉక్కలో చెమట తుడుచుకోకుండా ఇద్దరూ ఎదురెదురుగా ఉండేవాళ్ళు. రైలక్క తెలుగులో ఒక వాక్యం చెప్పి వదిన పెదాల కేసి చూసేది. వదిన పెదాలు శబ్దం లేకుండా జవాబు వెతుక్కుని, తడబడి, పట్టుకుని, మూసుకునేవి. అప్పుడు రైలక్క జవాబు చెప్పేది. సగం పాఠం ఖాళీయే, వినేవాళ్ళు ఫోను చెడిపోయిందనుకుంటారు, అని స్టూడియో ఆయన మొదట్లో గొణిగాడు. తర్వాత అలవాటుపడ్డాడు.

ఏ దేశం వెళ్ళే ఉద్దేశమూ లేని మనిషికి ఈ భాషెందుకని వదినని నేనే అడిగాను.

"పొద్దుటినించీ ఇంకొకళ్ళ తల దువ్వుతాను. ఇక్కడ కూర్చుంటే నా తల నేను దువ్వుకున్నట్టుంటుంది," అంది.

కొన్నాళ్ళకి ఆ గాజుగ్లాసు గొంతుకి సన్నటి చీలిక వచ్చింది. 'రేపు' అనే మాట మధ్యలో విరిగేది. జలుబన్నారు, వేడినీళ్ళన్నారు. చివరికి డాక్టరు గొంతులోకి గొట్టం వేసి చూసి చిన్న గడ్డ ఉందన్నాడు. ప్రాణానికి భయం లేదు, తీసేయాలి. గొంతు మళ్ళీ ఇలాగే ఉంటుందని మాత్రం మాటివ్వలేను, అప్పటిదాకా మాట్లాడటం వీలైనంత తగ్గించండి అన్నాడు.

కాలాలన్నీ రికార్డు చేయడం అయిపోయింది. కోరుకోవడం గురించిన పాఠాలు కొన్ని, ఆఖరున ఇది చెయ్యి, అది చెయ్యకు అని చెప్పే పాఠం ఒకటి మిగిలాయి. స్టూడియో ఆయన చెడ్డవాడు కాదు. వేరే గొంతుని చూశాను, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఎందుకో నాకు బాల్కనీలో చెప్పింది, ఊపిరితో కలిపి, ఒక్కొక్క మాటా దాచుకుంటూ.

"మొదటి పాఠం నించీ నాతో లేచి, నాతో కూర్చున్నవాళ్ళు. ఆఖర్న 'లే, కూర్చో' అనడానికి ఎవరో కొత్తమనిషి వస్తే ఏం బావుంటుంది? గొంతుండగా అది నేనే పూర్తి చెయ్యాలి."

ఆ రోజునించీ ఇంట్లో మాట్లాడటం మానేసింది. ఉన్న గొంతంతా స్టూడియోకే. వంటింట్లోంచి గరిటెతో గిన్నె మీద కొడితే రమ్మని, గట్టిగా కొడితే వెంటనే రమ్మని. "పెళ్ళైన కొత్తలో సిగ్గుతో మాట్లాడేది కాదు. ఇప్పుడు స్పానిష్‌తో మాట్లాడటంలేదు," అన్నాడు భర్త మెట్ల మీద. నవ్వించాలని అన్నాడు గానీ, తాళంచెవి తలుపులో పెట్టి తిప్పడం మరిచిపోయి నిలబడ్డాడు.

గోడ మూగదైంది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి మళ్ళీ పలికింది. చీలిక లేని పాత గొంతు. క్షణం ఆశపడ్డాను. తర్వాత తెలిసింది, ఆమె పడుకుని ఉంటే అతను ఫోన్లో పాత పాఠాలు పెట్టుకుంటున్నాడని.

"నేను పడుకుంటాను," అంది ఫోను.

"పడుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు అతను.

"మె అక్వెస్తో," అంది ఫోను.

"నిన్న మేము పెందలాడే లేచాం."

"మనమా? ఎప్పుడు?"

ఆ నిశ్శబ్దాల్లో అతను రోజూ అలాగే సంసారం చేశాడు. ఒక్క జవాబూ సరిగ్గా చెప్పలేదు. ఎప్పుడైనా అవతలి గదిలోంచి గరిటె చప్పుడు వినిపించేది, గట్టిగా.

కోరికల పాఠాలు పూర్తయ్యాయి. నువ్వు కాస్త పడుకోవాలని నా కోరిక, కియెరో కె తె అక్వెస్తెస్. వాటిలో ఆమె గొంతు మంచుపట్టిన అద్దంలోంచి చూస్తున్న దీపంలా ఉందని వదిన చెప్పింది. ఆ మాట వదిన అనలేదు, నేను అంటున్నాను. వదిన అన్నది, "బొంగురుగా ఉంది, కానీ బావుంది" అని.

ఆఖరి పాఠం రోజున భర్తకి సెలవు దొరకలేదు. వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని నేను వెంట వెళ్ళాను. వదిన డ్యూటీ బట్టల్లోనే వచ్చి తన చోట కూర్చుంది. ఫ్యాను ఆగింది. లోపలిగది అద్దానికి ఇవతల స్టూడియో ఆయన, పక్కన నేను.

"లే." వదిన పెదాలు కదిలాయి. "లెవాంతతె."

"కూర్చో." పెదాలు కదిలాయి. "సియెంతతె."

అక్కడిదాకా వచ్చింది. "మొహం కడుక్కో" అనేసరికి మాట అంచులు చిరిగాయి. తెలుగు ఎలాగో బయటపడింది. వదిన పెదాలు వెతికి, పట్టుకుని, మూసుకున్నాయి. రైలక్క నోరు తెరిచింది. గాలి వచ్చింది. నీళ్ళు తాగి మళ్ళీ తెరిచింది. ఈసారి గాలి కూడా సరిగ్గా రాలేదు. గొంతు మీద చెయ్యి వేసుకుని, స్టేషన్లో బండి కోసం చూసినట్టు ఎక్కడికో చూసింది. స్టూడియో ఆయన రికార్డింగు ఆపలేదు. ఆపడానికి అతనికి చెయ్యి రాలేదనుకుంటాను. ఆ ఖాళీ అలా నడుస్తూనే ఉంది.

"లావతె లా కారా," అంది వదిన.

అరుగు మీద కూర్చుని పిలిచినట్టున్న గొంతు. రోగుల్ని పేరు పెట్టి లేపి లేపి గట్టిపడిన గొంతు. అన్నాక తనే భయపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. స్టూడియో ఆయన హెడ్‌ఫోన్లు తీసి లోపలికి వెళ్ళాడు. ఇది కుదరదండీ, పాఠం మధ్యలో ఇంకో గొంతా, కొత్తమ్మాయిని రేపు పిలుస్తాను, మొదటినించీ చెప్పిస్తాను అన్నాడు. రైలక్క వినలేదు. లేచి, వదినని చెయ్యిపట్టి లేపి, తన కుర్చీలో మైకు ముందు కూర్చోబెట్టింది. తను నేల మీద కూర్చుంది.

"ఏమే, నాకెలా వస్తుందే? నాది నత్తనడక," అంది వదిన.

రైలక్క వేలెత్తి, ఉండు అన్నట్టు చూపించింది. స్టూడియో ఆయన కాసేపు ఇద్దర్నీ చూసి బయటికొచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

ఆ పాఠం మిగతాదంతా వదినే చెప్పింది, తెలుగూ స్పానిషూ. మధ్యలో నిశ్శబ్దాలు మాత్రం రైలక్కవి. ఒక్కొక్క మాట తర్వాత చెయ్యి గాల్లో ఆపి పట్టుకునేది. ఎక్కడో జవాబు వెతుక్కుంటున్న ఎవరి పెదాల్నో చూస్తున్నట్టుగా చూసేది. చెయ్యి దించితే వదిన జవాబు చెప్పేది. "కంగారుపడకు" అన్నచోట చెయ్యి దిగినా వదినకి మాట దొరకలేదు. రైలక్క మళ్ళీ చెయ్యెత్తింది. ఆ గదిలో చెమట జారుతున్న చప్పుడు కూడా వినిపిస్తుందేమో అనిపించింది. స్టూడియో ఆయన గడియారం చూడలేదు. చాలాసేపటికి "నో తె ప్రెయొకూపెస్" అంది వదిన, మంచం పక్కన నిలబడి ఎవరితోనో అన్నట్టు.

ఆపరేషన్ అయింది. గొంతు వచ్చింది, కానీ అది కాదు. కిందిమెట్టు మీది గొంతు, తడిగుడ్డలా బరువైనది. భర్త మొదటిరోజు విని, తర్వాత ఎవరూ అడక్కుండానే పాత పాఠాలు ఫోన్లోంచి తీసెయ్యనని నాకు చెప్పాడు. కోలుకున్నాక ఆ చివరి పాఠాన్ని మీరే మళ్ళీ చదువుతారా అని స్టూడియో ఆయన అడిగితే ఆమె వద్దంది. నా వంతు అందులో ఉంది కదా, అందట.

కొన్ని నెలలకి నేను గది ఖాళీ చేయాల్సి వచ్చింది. చెప్పడానికి ఇంటికి వెళితే రైలక్క లేదు. స్టూడియోకి వెళ్ళాను. కొత్త పాఠాలు నడుస్తున్నాయి. అద్దానికి అవతల, డ్యూటీ లేని రోజు కాబట్టి ఇంటిబట్టల్లో, వదిన మైకు ముందు కూర్చుని ఉంది. ఇవతల, స్టూడియో ఆయన పక్కన, రైలక్క చెయ్యి గాల్లో ఎత్తి పెట్టుకుని ఉంది. వెళ్తున్నానని మెల్లగా చెప్పాను. చెయ్యి దించకుండానే తల ఇటు తిప్పింది. ఆ కొత్త గొంతుతో, కొత్త గదికి ఎండ వస్తుందా, నీళ్ళు బావుంటాయా అని అడిగింది. వస్తుందన్నాను, బావుంటాయన్నాను. మళ్ళీ అద్దం కేసి చూసింది. నేను గుమ్మం దాకా వెళ్ళాక వెనకనించి అంది.

"తలుపు నెమ్మదిగా వేసి వెళ్ళండి. మా వదిన ఇంకా ఆలోచించుకుంటోంది."